వరూధిని కొనని కవర్లు

వరూధిని మొదటిసారి మా అంగడికి వచ్చినప్పుడు ఇంకా బోణీ కాలేదు. షట్టర్ ఎత్తి, వాకిట్లో నీళ్ళు చల్లి, దేవుడి పటానికి అగరుబత్తి ముట్టించి, మొదటి గిరాకీ కోసం రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆకుపచ్చ చుడీదార్, చెవులకు చిన్న జుంకీలు, భుజం మీద ఒక గోతాం. అట్లా నడిచి వచ్చింది. ఆ వయసు పిల్ల భుజం మీద గోతాం నేను అంతకు ముందు చూడలేదు. ఈరోజు బోణీ బాగుండేటట్టుంది అనుకున్నాను.

ఆమె గోతాం దించి, మూతి విప్పి, మా గడప మీద కుమ్మరించింది.

అన్నీ బురద పట్టిన ప్లాస్టిక్ కవర్లు. తెల్లవి, నీలివి, మాంసం అంగళ్ళకు మేము వేసే నల్లవి. మురుగు మోరీ వాసన గుప్పుమని లేచి అగరుబత్తి వాసనను మింగేసింది.

"ఏంటిది?" అన్నాను లేచి నిలబడి.

"మీ సరుకే కదప్పా. గుర్తు పట్టలేదా? చిలక కూడా ఉండాది చూడు."

నిజమే. కవరు మూలలో చిన్న చిలక బొమ్మ మా అమ్మ పిల్లమ్మ పెట్టించిన గుర్తు. మా నాయన పోయాక అమ్మ ఆ చిలకను నమ్ముకునే వ్యాపారం నిలబెట్టింది. రెండువేల సంవత్సరం నాటికి బెంగళూరు పక్కన మా వర్తూరు సంతలో ఏ కూరగాయల బుట్ట దగ్గర చూసినా మా చిలకే వేలాడేది.

"అమ్మిన సరుకు మేము వాపసు తీసుకోం" అన్నాను.

"వాపసు ఎవరిస్తాండారు? ఫ్రీగా ఇచ్చి పోతాండా. నిన్న వాన పడింది కదా? మోరీలో ఇవి అడ్డం పడి నీళ్ళన్నీ మా అంగట్లోకి తిరిగినాయి. టెంపోకి ఎక్కించాల్సిన పాత పేపరు మొత్తం నాని పిండైపోయింది."

"మీది ఏ అంగడి?"

"చెరువు కట్ట కింద గుజరీ అంగడి. పెద్దమునియప్ప కూతుర్ని. వరూధిని."

పాత పేపర్లు, ఇనుము, సీసాలు, విరిగిన బకెట్లు కొనే అంగడిని మా వైపు గుజరీ అంటాం. నాకు నవ్వొచ్చింది. "గుజరీ వాళ్ళు ప్లాస్టిక్ కొంటారు కదా. ఊరికే దొరికిన సరుకును మోసుకొచ్చి నాకిస్తాండావే, నీకు వ్యాపారం తెలీదా?"

ఆమె వంగి ఒక కవరు తీసి, దులిపి, నా అరచేతిలో పెట్టింది. "ఎంత బరువుండాది?"

"బరువే లేదు."

"అదే సంగతి. మేము పాల ప్యాకెట్ కొంటాం. బకెట్టు, మగ్గు, తెగిపోయిన చెప్పు కూడా కొంటాం. దీన్ని కొనేవాడు బెంగళూరులో ఎవడూ లేడు. గోతాం నిండా ఏరినా తక్కెడ మీద మట్టి బరువే ఎక్కువ. కడిగితే నీళ్ళ ఖర్చు కూడా రాదు. రోజంతా వంగి చెత్త ఏరుకునే వాళ్ళు కూడా దీన్ని దాటుకోని పోతారు. వ్యాపారం తెలీంది నాకా, నీకా?"

నేను నోరు తెరిచేలోపల ఖాళీ గోతాం మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

లోపల్నుంచి అమ్మ కాఫీ లోటాతో వచ్చింది. "బోణీ అయిందా మోహనా?"

"ఇంకా లేదమ్మా."

"మరి ఆ నవ్వేంటికి?"

* * *

మా వ్యాపారం గురించి ఒక మాట చెప్పాలి. మేము కవర్లు కిలోల్లెక్కన అమ్ముతాం. కొన్న అంగడివాడు వాటిని ఒక్కొక్కటిగా జనానికి ఊరికే పంచుతాడు. కాబట్టి కవరు ఎంత పల్చగా ఉంటే అతనికి కిలోకి అన్ని ఎక్కువ వస్తాయి. అందరూ అడిగేది "ఇంకా పల్చనిది లేదా?" అనే. ఎదురంగడి వెంకటరమణ మాకంటే పల్చని సరుకు దించితే, మేము అతనికంటే పల్చనిది దించేవాళ్ళం. అట్లా పోటీ పడి పోటీ పడి, నోటితో ఊదితే ఎగిరిపోయే సరుకు దాకా వచ్చాం. అది తెలివైన వ్యాపారం అనే అనుకున్నాను, వరూధిని నా అరచేతిలో కవరు పెట్టేదాకా.

ఇక నాకు గుజరీ అంగడిలో పనులు పడ్డాయి. మొదట అట్టపెట్టెలు తీసుకుపోయాను. తర్వాత పాత పేపర్లు. తర్వాత మళ్ళీ అట్టపెట్టెలు.

అక్కడ వరూధిని తక్కెడ దగ్గర కూర్చునేది. బీకాం చదివింది. ఇంగ్లిష్ పేపరు తూకం వేసే ముందు అందులో ఒక పేజీ చదివేసేది. వచ్చిన సరుకును రకాలుగా విడదీసే పాపక్క గోడ పక్కన పీట మీద కూర్చుని మా ఇద్దర్నీ చూస్తూ ఉండేది. ఆమె చేతులు ఒక పని చేస్తే, నోరు ఇంకో పని చేసేది.

"ఏం మోహన్‌కుమార్, మళ్ళీ వచ్చినావు? నిన్నే కదా పెట్టెలు తెచ్చింది?" అంది వరూధిని.

"ఇంకా ఉండాయి. అంగట్లో జాగా లేదు."

ఆమె ఒక పెట్టెను తిప్పి చూసింది. "ఇది కొత్తది. టేపు కూడా విప్పలేదు."

"పాతదే. జాగ్రత్తగా వాడినాం."

పాపక్క తల ఎత్తకుండానే అంది, "రేపు అంగడి తలుపులు పీక్కోని వస్తాడు. ఎల్లుండి వాళ్ళమ్మను తక్కెడ మీద కూర్చోబెడతాడు."

వరూధిని నవ్వు ఆపుకోవడానికి తూకం రాళ్ళు సర్దింది. సర్దాల్సిన అవసరం లేదు, అవి సర్దే ఉన్నాయి. నేను లెక్క తప్పని వాణ్ణి. ఆమె ఒకసారి నా వైపు చూసి, నేను చూడలేదనుకుని ఇంకోసారి చూసింది. ఆ రెండు చూపులూ నా ఖాతాలో జమ చేసుకున్నాను.

ఒక సాయంత్రం గాలి లేచింది. చెరువు మీద ఆకాశం నల్లగా దిగింది. బయట కుప్ప వేసిన పేపరు తడిస్తే మళ్ళీ నష్టమే. నేను పెట్టెలు పక్కన పారేసి టార్పాలిన్ ఒక కొస పట్టుకున్నాను. ఆమె ఇంకో కొస పట్టుకుంది. గాలి మధ్యలో దూరి దాన్ని గుడారంలా లేపింది.

"గట్టిగా పట్టుకో!" అని అరిచింది.

"పట్టుకున్నా!"

"టార్పాలిన్ను చూసి పట్టుకో. నన్ను చూసేది తర్వాత!"

కట్టడం అయ్యేసరికి వాన కుమ్మరించేసింది. ఇద్దరం రేకు కిందికి పరుగెత్తాం. రేకు మీద చినుకుల మోతకు పక్కన ఉన్న మనిషికి కూడా గట్టిగా చెబితే తప్ప వినపడదు. పాపక్క లోపలి గదిలోకి పోయింది. పోతూ పోతూ తలుపు కొంచెం తెరిచి పెట్టుకుంది.

"వరూధినీ, నాకు చుట్టు తిప్పి చెప్పేది రాదు" అన్నాను.

"ఏమన్నావు?"

"నిన్ను పెండ్లి చేసుకోవాలని ఉండాది!"

సరిగ్గా అప్పుడే వాన కొంచెం తగ్గింది. నా మాట రోడ్డు దాకా పోయింది. సైకిలు దిగి పక్క పంచన నిలబడ్డ పాలవాడు తల తిప్పి చూశాడు.

వరూధిని జడ చివర పిండుకుంది. "నేనూ వ్యాపారస్తురాలినే మోహన్. నేరుగా చెప్తా. నువ్వు అమ్మేది నేను కొనలేను. పొద్దున్నుంచి నువ్వు ఊరి మోరీలు నింపుతా ఉంటే, సాయంత్రం దాకా నేను వాటిని ఏరుకుంటా కూర్చోవాల. ఒకే ఇంట్లో ఇద్దరం అట్ల చేస్తే ఆ కాపురం ఎట్ల నిలుస్తాది, చెప్పు?"

"అంటే నేనంటే ఇష్టం లేదా?"

ఆమె నా చెయ్యి పట్టుకోకుండానే లోపలికి రమ్మని సైగ చేసి, మూలకు చూపించింది. నేను తెచ్చిన పెట్టెలన్నీ చక్కగా మడిచి, దారంతో కట్టి ఉన్నాయి. ఒక్కటి కూడా టెంపో ఎక్కలేదు.

"మళ్ళీ నీకే పనికొస్తాయని పెట్టినా. ఇష్టం లేకుంటే ఎప్పుడో అమ్మేసి ఉంటా" అంది. "మీ అమ్మను పంపించు. సరుకు సంగతి మనిద్దరం తర్వాత తేల్చుకుందాం."

తలుపు వెనక పాపక్క దగ్గింది. ఆమెకు దగ్గు లేదని ఊరందరికీ తెలుసు.

* * *

అమ్మ మొదట మూతి విరిచింది. "గుజరీ అంగడా? మనది కొత్త సరుకు, వాళ్ళది పాత సరుకు. పొత్తు ఎట్ల కుదురుతుందిరా?"

కానీ మా అమ్మ ఏ సరుకునూ చూడకుండా కాదనదు. కొన్నాళ్ళు సంతలో అక్కడా ఇక్కడా వాకబు చేసింది. చివరికి ఒక రోజు గల్లాపెట్టె మూస్తూ, "ఆ పెద్దమునియప్ప తూకంలో మోసం చెయ్యడంట" అంది. మా అమ్మ నోట అంతకంటే పెద్ద మెప్పు లేదు. పెండ్లి చూపులకు మంచి రోజు చూడమంది.

పోయే రోజు పండ్లు, పూలు, తమలపాకులు, మిఠాయి, చీర, అన్నీ తెచ్చింది. ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క కొత్త కవర్లో వేసింది. అన్నీ మా అంగడి కవర్లే, మెరిసిపోతున్నాయి, చిలక పైకి కనిపించేటట్టు. "వాళ్ళకు తెలియాల మనమెవరో" అంది.

పెద్దమునియప్ప మామ ఎదురొచ్చాడు. "రా చెల్లెమ్మా, రా. కూర్చో. ఈ ఏడు వానలు చూసినావా?"

అమ్మ ఒక్కొక్కటిగా అందించింది. ఆయన పండ్లు పళ్ళెంలో పోశాడు. ఖాళీ కవరును బొటనవేలితో ఒకసారి రుద్ది, చూడకుండానే భుజం మీదుగా వెనక్కి వేశాడు. అది వెనకనున్న బుట్టలో పడింది. పూలు తీశాడు. కవరు రుద్దాడు. వెనక్కి. తమలపాకులు. రుద్దాడు. వెనక్కి. నోరు మాత్రం వానల గురించి, టెంపో అద్దెల గురించి మాట్లాడుతూనే ఉంది. తన చెయ్యి ఏం చేస్తోందో ఆయనకే తెలియదు. ఏండ్ల తరబడి సరుకు ఏరిన చెయ్యి అది.

అమ్మ బుట్టనే చూస్తోంది. నేను అమ్మను చూస్తున్నాను.

"ఆ బుట్ట ఏంటిదన్నా?" అంది అమ్మ.

"ఏది? అదా. ఎందుకూ పనికిరానివి ఏసేది చెల్లెమ్మా."

అప్పుడే కాఫీ పళ్ళెంతో వరూధిని వచ్చింది. నీలం పట్టు చీర కట్టుకుంది. బుట్టను చూసింది, మా అమ్మ ముఖం చూసింది, కళ్ళు గట్టిగా మూసుకుంది. చీర ఎంత బాగుందో చెప్పే అవకాశం కూడా నాకు దొరకలేదు. అమ్మ లేచి నిలబడింది.

దారి పొడుగునా నేను బతిమాలాను. "అది చేతి అలవాటమ్మా. ఆయన కావాలని చెయ్యలేదు."

"నాకూ తెలుసు అలవాటని" అంది అమ్మ. "కావాలని ఏసింటే కొట్లాడి గెలుద్దును. ఆలోచించకుండా ఏసినాడంటే అది నిజమని కదరా? నా చిలకకు విలువ లేదని ఆయన చేతికి తెలుసు. అట్లాంటి ఇంట్లో నేను సంబంధం కలుపుకోను."

* * *

ఆ తర్వాత రెండు కుటుంబాలూ ఒకే రోడ్డు మీద ఎదురైతే చెప్పుల వంక చూసుకుని పోయేవాళ్ళం. అమ్మ ఎదురుగా నేను గుజరీ మాట ఎత్తలేదు. ఎత్తితే ఆ పూట సాంబారులో ఉప్పు పడేది కాదు.

ఇంతలో ప్రభుత్వం రూలు తెచ్చింది. ఇరవై మైక్రాన్లకంటే పల్చని కవర్లు అమ్మకూడదు, ఇవ్వకూడదు. పేపర్లో వచ్చింది. ఒక రోజు సంత కమిటీ వాళ్ళు కూడా అంగడి అంగడికీ తిరిగి చెప్పారు: వచ్చే నెల నుంచి పల్చని కవరు సంతలో కనిపిస్తే పట్టుకుపోతారు.

ఎవరూ నమ్మలేదు. ఎదురంగడి వెంకటరమణ ఇదే అదనని రేటు తగ్గించి పల్చని సరుకు ఇంకా ఎక్కువ దించాడు. అమ్మ కూడా, "ఇట్లాంటి రూళ్ళు ఎన్ని చూడలేదు?" అంది.

వరూధినిని బస్టాండులో కలిశాను. ఆమె హొసకోటె బస్సు కోసం నిలబడి ఉంది.

"రూలు మన పక్కనే ఉండాది. కానీ అమ్మ వినేటట్టు లేదు. నాతో అయ్యేట్టు లేదు వరూధినీ" అన్నాను.

"నీతో ఎందుకు కావాల? గల్లా దగ్గర పొద్దున ఎవరు కూర్చుంటారు?"

"ఈ మధ్య అమ్మే. పూజ కూడా ఆమే చేస్తుంది."

"బోణీకి వచ్చిన మనిషిని మీ అమ్మ పొమ్మంటుందా?"

"ప్రాణం పోయినా అనదు."

"చాలు" అని బస్సెక్కింది.

మరుసటి రోజు అగరుబత్తి పొగ ఇంకా తేలుతుండగానే వచ్చింది. ఈసారి గోతాం లేదు. చేతిలో పర్సు ఉంది. నేను ర్యాకుల వెనక కట్టలు సర్దుతున్నట్టు కూర్చున్నాను.

"అత్తా, కవర్లు కావాల."

అమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. "ఎవరే నీకు అత్త?"

"పెద్దోళ్ళను మా ఊర్లో అట్లే పిలుస్తాం."

"ఏది మీ ఊరు?"

"ఇదే ఊరు."

నేను నవ్వు బయటికి రాకుండా కవర్ల కట్ట నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అమ్మ దేవుడి పటం వంక ఒకసారి చూసింది, ఇట్లాంటి బోణీ పంపినావేంటి అన్నట్టు. "ఏ సైజు?"

"సైజు ఏదైనా ఫర్వాలేదు. మందంవి ఇయ్యండి. రూలు ప్రకారం ఉండేవి."

"అవి తెప్పిస్తే కిలోకి సగం కవర్లు కూడా రావు. ఎవడు కొంటాడు?"

"ఒక మాట చెప్పండత్తా. మీరు అమ్మేది కవర్లా, కిలోలా?"

 వరూధిని గల్లా మీద మోచేతులు ఆనించింది. "కిలోలే కదా. సంతలో వంకాయలమ్మే అక్కకు రోజూ గిరాకీ ఒక్క తీరే. పల్చనిదైతే ఒక కిలోతో సరిపెట్టుకుంటుంది. మందందైతే రెండు కిలోలు కొనాల. ఇంక పల్చనిది అమ్మితే పట్టుకుపోతారు. అప్పుడు మందం సరుకు ముందుగా దించినోళ్ళ దగ్గరికే అందరూ రావాల. ఇందులో నష్టం ఎవరికి?"

అమ్మ వేళ్ళు గల్లా మీద మెల్లగా కదిలాయి. లెక్క వేస్తోంది. మా అమ్మ లెక్క వేసేటప్పుడు ముఖం దేవుడి ముందు కూర్చున్నంత ప్రశాంతంగా ఉంటుంది. చివరికి వేళ్ళు ఆగాయి.

"తెలివైనదానివే. కానీ సగం లెక్కే చెప్పినావు. అంత మందం కవరు ఎవడూ ఊరికే ఇయ్యడు. డబ్బులడుగుతాడు. డబ్బులడిగితే జనం ఇంటి నుంచి సంచి తెచ్చుకుంటారు. అప్పుడు నా కిలోలు ఏమైతాయి?"

 ఇక్కడ ఏ వ్యాపారి అయినా ఒక అబద్ధం చెబుతాడు.

"తగ్గుతాయి" అంది వరూధిని. "మీతో అబద్ధం చెప్పనత్తా. అన్ని కవర్లు ఈ ఊరికి అక్కర్లేదు. జనం తెచ్చుకునే సంచులు కూడా మీరే అమ్మండి. ఇచ్చిన మందం కవరు వాపసు తెస్తే, దాన్ని నేను కొంటా. సంతలోనే తక్కెడ పెట్టుకోని కూర్చుంటా. ఇంక మోరీలో మీ చిలక ఒక్కటి కూడా కనపడదు."

అమ్మ గొంతు మారింది. "నా చిలకను మీ నాయన కొంటాడా?"

"ఆయన్ను అడగొద్దు. ఆయన చెయ్యి ఏం చేస్తాదో చూడండి."

అమ్మ చాలాసేపు ఆ పిల్లను చూసింది. తర్వాత నా వైపు తిరగకుండానే అంది, "రేయ్ మోహనా, ఆ కట్ట కొరికింది చాల్లే. సిటీ మార్కెట్‌కు పోయి మందం సరుకు పట్టుకోని రా. ఒక్క సంత చూస్తా. ఒక్కటే."

* * *

రూలు మొదలైన ఆ మొదటి సంత రోజు పొద్దున మా అమ్మ ముఖం చూడలేకపోయాను.

"పిల్లమ్మక్కా, ఇది కవరా, దుప్పటా?" అని టమాటాలవాడు ఎగతాళి చేశాడు. కవరుకు వేరే డబ్బులనగానే ఒకామె చిక్కుడుకాయలు కొంగులో మూటగట్టుకుని చక్కా పోయింది. ఒక పెద్దాయన బీరకాయలు తుపాకీలాగా భుజాన పెట్టుకున్నాడు. వైట్‌ఫీల్డ్ ఆఫీసు పిల్లలిద్దరు ఉల్లిగడ్డలు హెల్మెట్లో పోయించుకున్నారు. పూలమ్మే ఆమె ఆకులోనే పొట్లం కట్టడం మొదలుపెట్టింది.

"అన్నా, వీళ్ళందరికీ కవరు లేకుండా బతకడం ఇంత బాగా తెలిసి ఉంటే, ఇన్నాళ్ళు మనమెట్ల బతికినాం?" అన్నాను పక్క అంగడివాడితో. అతను నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

కానీ నేను హొసకోటె నుంచి తెచ్చి పక్కన వేలాడదీసిన గుడ్డ సంచులు మధ్యాహ్నానికల్లా ఖాళీ అయ్యాయి. అమ్మ ఖాళీ కొక్కేన్ని చూసింది. "రేపు ఇంకొంచెం పెద్ద సైజు తీసుకురా" అని గొణిగింది.

తర్వాత అధికారులు కమిటీ వాళ్ళతో వచ్చారు. చేతిలో మందం కొలిచే చిన్న మిషను ఉంది. వెంకటరమణ కట్టలు కొలిచి, జీపులో వేసుకున్నారు. అతను వాళ్ళ వెనకే, "నేనొక్కణ్ణే కనపడినానా?" అని అరుస్తూ పోయాడు. మా దగ్గర ఒక కవరు తీసి కొలిచారు. ఏమీ అనలేదు. వెళ్ళిపోయారు. ప్రభుత్వం వాళ్ళు ఏమీ అనకుండా పోవడం కంటే ఒక వ్యాపారికి గొప్ప సన్మానం ఏముంటుంది?

సాయంత్రానికి మబ్బు పట్టింది. సంత దారి చివర వరూధిని తక్కెడ ముందు కూరగాయలు ఇంట్లో పోసి జనం వాపసు తెచ్చిన కవర్ల కుప్ప కనిపించింది. వాటి మీద మా చిలకలు. టెంపో తీసుకుని పెద్దమునియప్ప మామ వచ్చాడు. అమ్మ కొంచెం దూరంలో, అరటిపండ్ల బండి పక్కన నిలబడిపోయింది. ముందుకు రాలేదు, ఇంటికీ పోలేదు.

మామ నాతో టెంపో టైరు సంగతి మాట్లాడుతూ కుప్పలోంచి ఒక కవరు తీశాడు. "ఎనక టైరు అరిగిపోయింది మోహనా..." బొటనవేలితో రుద్దాడు. చెయ్యి ఆగింది. ఇంకోసారి రుద్దాడు. "...మార్చాల" అని, చూడకుండానే ఆ కవరును తక్కెడ మీద వేశాడు. ఇంకొకటి. తక్కెడ మీదికి. ఇంకొకటి. తక్కెడ మీదికే.

వరూధిని నా వైపు చూసింది. ఈసారి నేను చూడలేదనుకుని కాదు.

అరటిపండ్ల బండి పక్కనుంచి అమ్మ నేరుగా నడిచి వచ్చింది. "ఏం రేటు అన్నా?"

మామ ఉలిక్కిపడ్డాడు. ఇన్నాళ్ళ తర్వాత ఆమె మాట్లాడిందని ముఖం వెలిగిపోయింది. కానీ వ్యాపారి వ్యాపారే. "పాల ప్యాకెట్ రేటే చెల్లెమ్మా."

"పాల ప్యాకెట్టు జిడ్డుగా ఉంటాది, వాసనొస్తాది. నా చిలకకు ఏమొచ్చింది? పెంచు."

"దీని మీద అచ్చు ఉండాది కదా. ఫ్యాక్టరీ వాళ్ళు తగ్గిస్తారు."

"ఇంత చిన్న చిలకకు తగ్గిస్తారా? చిలక వద్దంటే పీకి పారేసుకోమను."

"అట్లంటే ఎట్ల చెల్లెమ్మా? నాకేం మిగులుతాది?"

పెంచిన రేటులో ఒక్క పైసా మా అమ్మకు రాదు. వాపసు తెచ్చిన వాళ్ళకే పోతుంది. అయినా ఆమె నడుం బిగించి బేరం ఆడుతోంది. చుట్టూ జనం పోగయ్యారు. టమాటాలవాడు కూడా వచ్చి నిలబడ్డాడు.

"సంబంధం కలుపుకునే వాళ్ళ దగ్గర ఇంత గీచి గీచి బేరమా?" అంది అమ్మ.

మామ నోరు తెరిచాడు. "సంబంధమా? అది తప్పిపోయింది కదా?"

"నువ్వు రేటు పెంచితే తప్పిపోలేదు."

మామ అమ్మను చూశాడు, కూతుర్ని చూశాడు, నన్ను చూశాడు, చివరికి తక్కెడను చూశాడు. మనసులో ఏదో కూడుకుని, ఏదో తీసేసుకుని, "సరే, పెంచినా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ పొద్దు నా చెయ్యి..."

"వదిలెయ్ అన్నా. ముహూర్తం నువ్వే పెట్టించు. ఆషాఢం రాకముందే చూడు."

జనంలో ఎవరో ఈల వేశారు. మొదటి చినుకులు తక్కెడ పళ్ళెం మీద టపటపా పడ్డాయి. పాపక్క కుప్ప మీద గోనె కప్పుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. దగ్గలేదు.

"నన్ను ఎవరూ అడగలేదే?" అంది వరూధిని.

అందరూ ఆగిపోయారు. నా గుండె కూడా.

"నాకూ షరతులుండాయి" అంది, చేతులు నడుం మీద పెట్టుకుని. ఒక చేతికి మట్టి, ఒక చెంపకు మట్టి. నీలం పట్టు చీరలో కంటే బాగుంది. "పెండ్లయినాక కూడా గుజరీ అంగడి నేనే చూసుకుంటా. మీ అంగట్లో ఏ కొత్త సరుకు దించినా ముందు నా తక్కెడ దగ్గరికి రావాల. నేను కొనలేనిది నువ్వు అమ్మకూడదు. ఇంట్లో వంట ఇద్దరం చెయ్యాల."

మొదటి రెండింటికీ తల ఊపిన మా అమ్మ, మూడోదానికి కనుబొమలు ఎత్తింది. మామ నవ్వు దాచుకోవడానికి టైరు దగ్గరికి పోయాడు.

"సరే" అన్నాను.

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

"బేరం ఆడవా?"

"ఆడను."

వాన పెద్దదవుతోంది. జనం గుడ్డ సంచులు తల మీద పెట్టుకుని పరుగెత్తుతున్నారు. వరూధిని మాత్రం కదల్లేదు. నన్ను పైనుంచి కింద దాకా ఒకసారి తూకం వేసినట్టు చూసి, అందరూ చూస్తుండగానే నా చెయ్యి పట్టుకుని టెంపో వైపు లాగింది.

"అయ్యో, ఇంత తొందరగా ఒప్పుకుంటావని తెలిసింటే," అంది, "ఇంకొంచెం అడిగేదాన్ని కదప్పా."